ఏడు నుంచి తొమ్మిది దాకా పెళ్ళికూతురికి విశ్రాంతి

మా కాలంలో పెళ్ళికూతురంటే, పెళ్ళిలో అందరికంటే తక్కువ తిని, అందరికంటే తక్కువ నిద్రపోయి, అందరికంటే ఎక్కువసేపు తల వంచుకుని కూర్చునే మనిషి. అదొక కష్టమని ఎవరికీ తోచేది కాదు. మా అక్క పెళ్ళిలో దాన్ని తెల్లవారుజామున మూడింటికే లేపి, తాళి కట్టేదాకా మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా కూర్చోబెడితే, సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు పీటల మీద పక్కకు ఒరిగిపోయింది. నీళ్ళు చల్లి లేపారు. కానీ "పిల్లకు మూర్ఛ జబ్బేమన్నా ఉండాదేమో" అని అవతలివాళ్ళలో ఎవరో గొణిగిన మాట పోవడానికి మా అక్క ఇద్దరు పిల్లల్ని కనాల్సి వచ్చింది. నా పెళ్ళిలో మాత్రం నేను ఒరగకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

నాకు సంబంధం కుదిరేనాటికి తిరుపతిలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి ఏడాదిన్నర అయింది. మా ఆఫీసరుగారి పర్యటన కార్యక్రమాలు టైపు కొట్టడం నా పని. "ఉదయం 7.00 బయలుదేరుట. 8.30 పాకాల చేరుట. 8.30 నుండి 10.00 వరకు అతిథిగృహంలో విశ్రాంతి." ఆ చివరి మాటను కొన్ని వందలసార్లు కొట్టాక నాకొక జ్ఞానోదయం అయింది. లోకంలో ముందుగా కాగితం మీద రాసి పెట్టుకున్నవాళ్ళకే విశ్రాంతి దొరుకుతుంది! ఇంకేం, ఒక మధ్యాహ్నం క్యారియర్ తినడం మానేసి, కార్బన్ పేపర్లు పెట్టి, నా పెళ్ళి కార్యక్రమాన్ని అయిదు ప్రతులు కొట్టాను. అయిదింటికి నలుగు, స్నానం. ఆరున్నరకు పెళ్ళికూతురికి ఇడ్లీలు (నాలుగు అని కుండలీకరణాల్లో రాశాను, మొహమాటమెందుకని). ఏడు నుంచి తొమ్మిది దాకా పెళ్ళికూతురికి విశ్రాంతి. పదకొండూ నలభైకి ముహూర్తం. నేనొక్కదాన్నే పడుకుంటే బాగుండదని, ఆరు నుంచి పది దాకా మగపెళ్ళివారికి కూడా ధారాళంగా విశ్రాంతి రాసేశాను.

అమ్మ చదివించుకుని తల పట్టుకుంది. "ఏందిమే ఇది? పెండ్లా, కలెక్టరు వచ్చేదా? పెండ్లికూతురు పండుకుంటాదని రాసి వియ్యంకులకి పంపిస్తే నలుగురూ నవ్విపోరా?" అంది. నాయన మాత్రం కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివి, "తప్పేముండాది? పెద్దదాన్ని సూసి బిడ్డ బెదిరిపోయిండాది. ఉండనీలే" అన్నాడు. ఒక ప్రతి పోస్టులో పలమనేరు వెళ్ళింది. పెళ్ళికొడుకువాళ్ళది అక్కడ సేద్యం, పాడి. వాళ్ళ నుంచి ఏ జవాబూ రాలేదు. నా ప్రణాళికలో తప్పు లేదు కాబట్టే రాలేదని నేను మురిసిపోయాను.

తప్పు ఉంది. అది తిరుపతివాళ్ళు మాత్రమే చేయగల తప్పు. మా మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు రోజూ కొండ కనిపిస్తుంది. ఎదురుగా ఉన్న కొండ ఎక్కడికి పోతుందిలే అని మేము ఏడాదికొకసారైనా ఎక్కం. అందుకని, పొరుగూరివాళ్ళకు తిరుపతిలో పొద్దున్నే నాలుగు గంటలు ఖాళీ ఇస్తే వాళ్ళు దుప్పటి కప్పుకుని పడుకోరనీ, కొండ బస్సెక్కుతారనీ నా బుర్రకు తట్టలేదు.

పెళ్ళి రోజు ఆరున్నరకు సత్రంలో నా గదికి అక్క కొంగు చాటున ఇడ్లీలు తెచ్చింది. అమ్మ గోడవైపు తిరిగి నిలబడింది, చూసిన పాపం తనకెందుకని. తిన్నాను. కానీ ఏడింటికి చాప వేసుకుంటే ఆ గదిలో నిద్ర ఎక్కడిది? ఒక పిన్ని నా జడ కొలుస్తుంది, ఒక పెద్దమ్మ వంకీ పట్టిందో లేదో చూడమంటుంది, ఇంకొకామె నా నెత్తి మీదుగా చీరల పెట్టె లాగుతుంది. కళ్ళు మూసుకుని ఏడుపు ఆపుకుంటున్నాను. అప్పుడు తలుపు దగ్గర ఒక గొంతు వినిపించింది.

"ఇది పాప పండుకునే టైము. కాగితంలో ఉండాది. అందురూ లేసి బైటికి పాండి."

మా అత్త! పెళ్ళిచూపుల్లో రెండు మాటలు కూడా మాట్లాడని మనిషి. పెళ్ళికొడుకు తల్లి చెప్పాక ఎవరు కాదంటారు? అందరూ లేచిపోయారు. ఆమె తలుపు దగ్గరగా వేసి, బయట ఇనుప కుర్చీ అడ్డంగా లాక్కుని కూర్చుంది. ఆ కుర్చీ కిర్రుమన్న చప్పుడు వరకే నాకు గుర్తు.

తర్వాత జరిగింది అక్క చెబితే విన్నాను. తొమ్మిదింటికి నాయన కాఫీ కూజా పట్టుకుని పక్కనే ఉన్న విడిదికి వెళితే, అక్కడ పెట్టెలకు కాపలాగా ఒక ముసలాయన మాత్రం ఉన్నాడట. "అందురూ కొండకు పోయినారప్పా. పదిగంటలకంతా వచ్చేస్తామన్నారు."

"పెండ్లికొడుకో?"

"ఆయప్ప లేకుండానా? ఆయప్పే ముందు ఎక్కినాడు బస్సు."

నాయన కాఫీ కూజాతోనే పరుగెత్తుకొచ్చాడట. అమ్మ నన్ను లేపి నాలుగు దులుపుదామని ఏడుస్తూ వస్తే, మా అత్త కుర్చీ జరపలేదు. "లేపితే వాడు దిగొస్తాడా వదినా? కాగితం సూసి పంపించింది నేనే. అనేదేమన్నా ఉంటే నన్ననండి. పాపను పండుకోనీండి" అందట. "మరి నువ్వు పోలేదే?" అని అడిగితే మోకాళ్ళ నొప్పి అని చెప్పిందట.

నేను పది కావస్తుండగా నా అంతట నేనే లేచాను. హాయిగా ఒళ్ళు విరుచుకుని, "ప్రోగ్రాం బాగా నడుస్తున్నట్టుందే అక్కా!" అన్నాను. అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పుడు సంగతి చెప్పింది. ముహూర్తం దాటిపోతే, పెళ్ళి ఆగిపోతే, దానికి కారణం నా టైపు మిషను. పదిన్నర అయింది, పదకొండయింది. పురోహితుడు వాచీ చూడటం మానేసి నా మొహం చూడటం మొదలుపెట్టాడు. అత్త నా గడ్డం పట్టుకుని, "ఏడిస్తే కాటిక పోతాది. వాడు నా కొడుకు, వస్తాడు" అంది.

పదకొండుంపావుకు వచ్చాడు. దర్శనం త్వరగానే అయిందట గానీ, కిందికి దిగే బస్సుకు జనం కిక్కిరిసి ఉంటే, పెద్దవాళ్ళను అక్కడే వదిలి, చెప్పుల్లేకుండా మెట్లదారిన ఉరికొచ్చాడు. నెత్తిన రెండు చెంబులు పోసి పీటల మీద కూలేశారు. జీలకర్ర బెల్లం వేళకు మా ఆయన మెల్లగా పక్కకు ఒరిగాడు. నాలుగు ఇడ్లీలు, మూడు గంటల నిద్ర పడినదాన్ని కాబట్టి గట్టిగా మోచెయ్యి పట్టుకుని నిటారుగా కూర్చోబెట్టాను. మా పెద్దమ్మ వెనక నుంచి, "పిల్లోడికి మూర్ఛ జబ్బేమన్నా ఉండాదేమో" అంది. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాత నేను చేసుకున్న గొప్పలు అన్నీ ఇన్నీ కావు. నా ప్రణాళిక వల్లే పెళ్ళిపందిట్లో ఒక్కరైనా నిటారుగా కూర్చున్నారని పలమనేరులో కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. రెండు నెలల తర్వాత ఒక పొద్దున, మా అత్త రెండు చేతులా పాలక్యాన్లు పట్టుకుని పాలకేంద్రానికి పోతుంటే వెంట వెళ్ళాను. ఆమె నడకను నేను అందుకోలేకపోయాను. "మోకాళ్ళ నొప్పి తగ్గిందా అత్తా?" అని రొప్పుతూ అడిగితే, "ఏ మోకాళ్ళు?" అని ముందుకు సాగిపోయింది.

ఇంటికొచ్చి మా ఆయన్ని నిలదీశాను. "ఆ పొద్దు కొండకు పోయింది అమ్మ కోసమే" అన్నాడాయన. "నేను పుట్టినప్పటి మొక్కు. ఆవుల్ని ఇడిసిపెట్టి ఒక దినమన్నా కదిలిందా? పెండ్లికని పక్కింటోళ్ళకు అప్పజెప్పి వచ్చింది. తీరా బస్సెక్కే ముందర మీ రూములో ఆడోళ్ళ గోల ఇని, 'ఆ బిడ్డను వీళ్ళు పండుకోనియ్యరు, మీరు పోయి రాండి' అని తిరుక్కున్నాది."

ఇరవై ఆరేళ్ళు ఎదురుచూసిన మనిషి, నా రెండు గంటల నిద్ర కోసం కొండ కింద ఇనుప కుర్చీలో కూర్చుండిపోయింది. నేను గురక పెట్టాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ టైపిస్టు పిల్లను తలుచుకుంటే నాకు నవ్వే వస్తుంది, పాపం ఎంత తెలివైనదాన్నని అనుకుందో! కానీ నా జన్మలో నాకు అందిన మేలుల్లో ఆ నిద్రను మించింది లేదని మాత్రం ఒట్టేసి చెప్పగలను.

ఆ నెలలోనే ఆవుల్ని మా ఆయనకు అప్పగించి, అత్తను నేనే కొండకు తీసుకెళ్ళాను. నాకప్పుడు మూడో నెల. గంటలు గంటలు నిలబడ్డాక లోపలికి చేరాం. తోపులాట, గోవిందనామాలు, ఎవరో రెక్క పట్టుకుని జరిపేశారు, బయటపడ్డాం. "స్వామిని బాగా సూసినారా అత్తా?" అని ఆత్రంగా అడిగాను.

"యాడ సూసేది?" అంది ఆమె, నా మొహం చెమట తుడుస్తూ. "కడుపుతో ఉండావు, ఆ తోపుల్లో యాడ పడిపోతావో అని నిన్నే పట్టుకోని నిన్నే సూస్తా ఉంటిని. అంతలోనే దాటిపోయినాము."

రెండుసార్లూ ఆమెకూ స్వామికీ మధ్య నిలబడింది నేనే. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "పాలు పిండే పొద్దుకి ఇల్లు చేరల్ల మే" అని ఆమె గొణుగుతున్నా వినకుండా, చెయ్యి పట్టుకుని మళ్ళీ వరస చివరికి తీసుకుపోయాను. ఈసారి ఆమెను ముందు నిలబెట్టి, నేను వెనక నిలబడ్డాను.