ఆపిన కాడ అడగాలె

మొన్న శుక్రవారం పొద్దున నేను హైదరాబాదుల డబ్బింగ్ పనిల ఉంటే చాచీ ఫోన్ చేసింది. "మీ చాచా పోయిండు బిడ్డా" అన్నది. మిగిలింది నేనే ఒక్కొక్కటి అడిగి తెలుసుకున్న. రాత్రి మంచిగనే తిని పండుకున్నడంట. తెల్లారగట్ల ఫజర్ నమాజుకు లేపబోతే లేవలేదంట. బస్సెక్కి మా ఊరు వైరాల దిగేదాక నాకు ఏడుపు రాలే. దిగినంక మాత్రం ఆగలే.

ఆయన మాకు చుట్టం కాదు. మా ఇంటికి రెండిండ్ల అవతల ఉండేటోడు, గల్లీ మొదట్ల మైక్‌సెట్లు కిరాయికిచ్చే షాపు నడిపేటోడు. అంతకుముందు ముప్పై ఏండ్లు భద్రాచలంల ఒక సినిమా హాలుకు అనౌన్సర్. జీపుకు మైకు కట్టి దుమ్ముగూడెం, చర్ల దాకా అడవి ఊర్లన్ని తిరిగి, సినిమా కథ చెప్పి జనాన్ని హాలుకు రప్పించేటోడు. హాలు తీసేసి ఫంక్షన్ హాలు కట్టినంక ఇటొచ్చి స్థిరపడ్డడు. వచ్చే నెల నా మొదటి సినిమా విడుదలైతున్నది. స్క్రీన్‌ప్లే అని రాసిన కాడ నా పేరే పడ్తది గని, ఆ పని నాకు నేర్పింది ఈ మైకాయన. ఇది నలుగురికి తెల్వాలనే రాస్తున్న.

మూడేండ్ల కింద నేను ప్రైవేటు బడిల సైన్సు టీచర్ నౌకరి వదిలేసిన. "ఒక్క ఏడాది చూడు నాయినా, కథ అమ్ముడుపోకపోతే నోరు మూసుకొని మళ్ళ బడికి పోత" అని మా నాయినకు మాటిచ్చిన. ఎనిమిది నెలలు గడిచినయ్. నూట నలభై పేజీల స్క్రిప్టు పట్టుకొని మూడు ఆఫీసులు ఎక్కి దిగిన. మన తెలుగు సినిమాల పేజీలు ఎవరు చదువుతరు? ఎదురుంగ కూసోబెట్టి "నేరేషన్ ఇయ్యమ్మా" అంటరు. మొదటాయన ఫోన్ చూసుకున్నడు. రెండో ఆయన నా ముందల్నే ఆవులించిండు. మూడో ఆయన "చాలా బాగుంది, చెప్తాం" అన్నడు. ఇంతవరకు చెప్పలే.

"ఏంది బిడ్డా, గట్ల మొఖమేసుకొని పోతున్నవ్?" అని చాచా షాపుల నుంచే కేకేసిండు. సంగతి చెప్పిన. "నాకు చెప్పు నీ కథ" అని కండ్లు మూసుకొని కూసున్నడు. నేను మంచు పట్టిన మిర్చి తోటతోని మొదలువెట్టిన. పొద్దు పొడుసుడు, ఎర్రటి కల్లం, హీరోయిన్ చిన్నతనం, ఒక పాట. కథల మునిగిపోయిండనుకున్న. కండ్లు తెరిచి, "మిర్చి తోట నేను చూడలేదానె? మనిషేది?" అన్నడు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు ఆ షాపు ముంగట నుంచి నడువలే.

నా కథ ఇదీ. అడవి ఊర్ల నుంచి ఆడోళ్ళు ఏటా మన దిక్కు మిర్చి ఏరనీకి ట్రాలీలల్ల వస్తరు గద. ఒక మేస్త్రమ్మ గట్ల ముప్పై మందిని తీస్కొస్తది. తిరిగిపోయి ఊర్ల దిగేసరికి ఒక పిల్ల తక్కువ పడ్తది. ఆ పిల్ల కోసం మేస్త్రమ్మ వెనక్కి బయలెల్తది. నేను తెలివిగల్లదాన్ననుకొని ఆ పిల్ల తప్పిపోవుడు నలభయ్యో పేజీల పెట్టిన!

మూడో రోజు ఆయనే ఇంటికొచ్చిండు. "రేపు తమ్ముడు సంతకు పోతున్నడు, నడువు" అన్నడు. ఆయన తమ్ముడు భద్రాచలం అవతలి సంతలల్ల గిన్నెలమ్ముతడు. తెల్లారకముందే ఆటో ట్రాలీల గిన్నెల నడుమ కూసొని పోయినం. గిన్నెలు చూడనీకి కోయ అక్కలు నలుగురైదుగురు వచ్చేసరికి చాచా వాళ్ళ భాషల ఏదో అని నవ్విచ్చి, "ఈ బిడ్డ ఒక కథ చెప్తదట, వినుండ్రి" అని నన్ను ముందుకు తోసిండు. చెవుల మాత్రం గిట్ల చెప్పిండు: "గట్టి జాగ చూసి ఆపు. ఆపి చాయ్ బండి కాడికి నడువు, వెనక్కి తిరగకు. వెంటొచ్చి తర్వాతేందని అడిగితే అది కథ. అడగలేదా, చాయ్ తాగి ఇంటికి పోదాం."

మంచుతోని మొదలువెట్టిన. ఒకామె మర్యాదకు రెండు నిమిషాలు విన్నది. తర్వాత "ఈ గంజు ఎంత?" అని తమ్ముణ్ణి అడిగింది. ఆ రోజు చాయ్ తాగి ఇంటికొచ్చినం.

తొవ్వల చాచా తన తప్పు చెప్పుకున్నడు. కొత్తల, జనం రావాలని సినిమాల లేని పులిని చెప్పిండంట. ఒక ముసలాయన కోడల్ని, మనుమల్ని తీస్కొని పొద్దంత నడిచొచ్చి సినిమా చూసిండు. బయటికొచ్చి గేటు కాడ చాచా ముంగట నిలవడి "పులేది?" అని అడిగిండంట. తిట్టలే, కొట్టలే, అడిగిండు అంతే. చాచా ఆ ముసలాయన చిన్న మనుమణ్ణి ఎత్తుకొని సగం తొవ్వ దాకా సాగనంపిండు. "అబద్ధం చెప్పి అమ్మితే మళ్ళ ఆ ఊరికి ఏ మొఖం పెట్టుకొని పోతవ్?" అన్నడు. ఆ రోజు నుంచి ఆట విడిచేటప్పుడు గేటు కాడ నిలవడి, బయటికొచ్చేటోళ్ళ మొఖాలు చూసుడు అలవాటు చేసుకున్నడు.

మళ్ళ వారం మళ్ళ పోయినం. ఈసారి మంచు లేదు, పాట లేదు. "ట్రాలీ ఎక్కినోళ్ళు ముప్పై మంది. ఊర్ల దిగినోళ్ళు ఇరవైతొమ్మిది" అన్న. గంజు చూస్తున్నామె చెయ్యి ఆగింది. వాళ్ళంత మిర్చికి పోయొచ్చినోళ్ళే. మేస్త్రమ్మ మళ్ళ ట్రాలీ ఎక్కి వెనక్కి తిప్పమన్న కాడ ఆపి, చాయ్ బండి దిక్కు నడిచిన. పది అడుగులు పోయిన్నో లేదో ఒక పెద్దామె వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "ఆ పిల్ల తల్లికి ఎవరు చెప్పిన్రు?" అన్నది.

నూట నలభై పేజీలల్ల ఆ తల్లే లేదు! చాచా దిక్కు చూసిన. "నన్ను చూస్తవేంది? ఇంటికి పోయి రాయి, నీకు పని దొరికింది" అన్నడు.

మూడు నెలలు రాసిన. ఏడాది నిండనీకి వారం ఉందనంగ హైదరాబాదుల నాలుగో ఆఫీసుకు పోయిన. కొత్తగ రాసిన కథల, వెనక్కి పోయేముందు మేస్త్రమ్మ ఆ పిల్ల ఇంటి గడప కాడ నిలవడ్తది. తల్లి లోపటి నుంచే "నీళ్ళు కాగినయ్, పిల్లను తానానికి రమ్మను" అంటది. అక్కడ ఆపి, ఫైలు మూసి, నీళ్ళు తాగిన. నిర్మాత ఫోన్ మోగుతుంటే బోర్లేసి, "చెప్పిందా లేదా?" అన్నడు.

చాచాకు ఫోన్ చేసిన. ఎంతిస్తున్నరని అడగలే. "ఎక్కడ ఆపినవ్?" అన్నడు. "గడప కాడ." "అడిగిండా?" "అడిగిండు చాచా." ఆయన నవ్వు ఇప్పటికి నా చెవులల్ల ఉంది. నేనొచ్చేసరికి షాపు మీద మైకు పెట్టి "మన గల్లీ బిడ్డ రాసిన కథ, హైదరాబాదుల అమ్ముడుపోయిన కథ!" అని పాత గొంతుతోని అనౌన్స్ చేస్తుండు. మా నాయిన సిగ్గుతోని లోపటికి పోయి, మళ్ళ బయటికొచ్చి నిలవడి విన్నడు. నాకెంత గర్వమైందో ఏం చెప్పాలె!

పోయిన నెల విడుదల సంగతి చెప్దామని పోయిన. ఇన్నేండ్ల మైకుకు ఆయన చెవులు పాడైనయ్, ఏది చెప్పినా అరువాలె. "చాచా, ముగింపు విను" అని అరిచిన. ఇంటర్వెల్ దాక ఆయనకు నోటికొచ్చు, అవతలిది ఎన్నడు విననియ్యలే. చెయ్యి అడ్డం పెట్టిండు. "ముప్పై ఏండ్లు నేను ఎవ్వనికి ముగింపు చెప్పలే. నాకూ ఎవరు చెప్పొద్దు. టికెట్ కొనుక్కొని చూస్త" అన్నడు. ఏం మొండితనం చాచా నీది! ఒక్క నెల ఆగలేకపోయినవా? నాకు కోపంగనే ఉంది, దాచుకునేదేం లేదు.

మూడో రోజు, పోయినోళ్ళ కోసం చదివే ఫాతెహా అయినంక ఇంట్ల జనం పలచవడ్డరు. చాచీ నన్ను పక్కన కూసోబెట్టుకున్నది. "గడప కాడ నిలవడ్డ ఆమె ఏం చెప్పింది బిడ్డా? ఆయన వినకపాయె, నన్ను విననియ్యకపాయె. నాకు చెప్పు" అన్నది. చెప్పిన. ఎక్కడా ఆపకుంట, ఆఖరి సీను దాక చెప్పిన. మీకు మాత్రం చెప్ప, ఆయన ఊకోడు.

అయిపోయినంక చాచీ లేచి నిలవడ్డది. తర్వాత కొంగు సదురుకొని, చాచా ఖాళీ మంచం దిక్కు తిరిగి, రోజూ అరిచినట్టే గట్టిగ అరిచింది. "అజీ, సునే క్యా? విన్నవా? మన బిడ్డ మంచిగ రాసింది!"