కాళ్ళు కడిగిన నీళ్ళు

పెళ్ళికి ముందు మగవాళ్ళకు సాధారణంగా ఉండే భయాలు నాకేమీ లేవు. జీతం చాలదనో, జుట్టు రాలుతోందనో దిగులుపడేంత తీరిక నా కుడికాలి బొటనవేలు నాకు ఇవ్వలేదు. ఆ వేలి గోరు పసుప్పచ్చగా మారి, మందమెక్కి, అంచున పాత గోడ సున్నంలా పొడిపొడిగా రాలేది. దాన్ని చూసుకున్నప్పుడల్లా నాకు ఒకటే దృశ్యం కనిపించేది. కల్యాణమండపం, ఇత్తడి పళ్ళెం, అందులో నా పాదాలు. కాబోయే మామగారు వాటిని రెండు చేతులా కడిగి, ఆ నీళ్ళు భక్తిగా తన నెత్తిన చల్లుకుంటారు. వీడియో తీసేవాడు వంగి, గోరు స్పష్టంగా పడేదాకా కదలడు.

మన పెళ్ళిళ్ళలో ఆ పూట పెళ్ళికొడుకు విష్ణుమూర్తి. ఆయన పాదాలు పద్మాలంటారు. నా విషయంలో పద్మం పాదాల దగ్గర ఆగలేదు. నడుము దాకా పాకి తామరైంది.

ఎక్కడ అంటించుకున్నానో చెప్పడం కష్టం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెబుతాను. పాఠం ఎలా ఉన్నా బూటు మెరవాలన్నది మా యాజమాన్యం నియమం. ఆ వానాకాలం మా ఎల్బీనగర్ కాలనీలో మెట్రో స్టేషన్ దాకా నీళ్ళలోనే నడక. తడిసిన సాక్సు రాత్రి ఫ్యాను కింద ఆరీ ఆరకుండా ఉంటే పొద్దున్నే మళ్ళీ అదే తొడుక్కుని పోయేవాణ్ణి. కారణం ఇస్తే ఫలితం ఊహించడం నేర్పే పని నాది. నా కాలి దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క తట్టలేదు.

కాలి సంగతి గమనించకముందే నడుము దురద పెట్టింది. వీధి మొదట్లో ఉన్న మెడికల్ షాపుకు వెళ్ళి, పక్కన ఆడవాళ్ళు లేని సమయం చూసి, గొంతు తగ్గించి అడిగాను. ఆయన మాత్రం గొంతు తగ్గించలేదు.

"తామరనా సార్? గీ ట్యూబు రాయున్రి. రెండ్రోజుల్ల సాఫ్ అయితది."

నిజంగానే సాఫ్ అయింది. ఆయన మీద గౌరవం పెరిగింది. వారం తిరిగేసరికి తామర కూడా పెరిగింది. మళ్ళీ ట్యూబు, మళ్ళీ తగ్గడం, మళ్ళీ ఇంకాస్త పెద్ద వలయం. మా అమ్మ ఆ ట్యూబును ఫ్రిజ్ తలుపులో, కోడిగుడ్ల పక్కన భద్రంగా పెట్టింది. దోమ కుట్టినా అదే, నూనె చిట్లినా అదే. నా గోరు రంగు మారినప్పుడు కూడా నేను దానిమీద అదే రుద్దాను. ఈలోగా నిశ్చితార్థం జరిగింది. అందరూ చూస్తుండగా వేలికి ఒక ఉంగరం తొడిగారు. ఎవరూ చూడకుండా నడుముకు అప్పటికే చాలా ఉన్నాయి.

అమ్మాయి మా కోచింగ్ సెంటర్లోనే ఇంగ్లీషు చెప్పేది. మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళం. వాళ్ళది అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వ్యవసాయం చేసిన కుటుంబం. పొలాలు ప్లాట్లయ్యాక మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నారు. మామగారిది పెద్ద గొంతు, పెద్ద మీసం. ఆ వయసులో ఆ మీసం, ఉన్న కాస్త జుట్టు కాటుకలా నల్లగా ఉండటం చూసి మా అమ్మ మెచ్చుకుంటే ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"మా ఇంట్ల అందరియి గిట్లనే ఉంటయ్ చెల్లెమ్మా. అంతా మా బాయి నీళ్ళ గుణం."

పెళ్ళికొడుక్కి బట్టలూ బూట్లూ కొనిపెట్టడం ఆడపెళ్ళివారి ముచ్చట. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టలు కొనడం అయ్యాక ఆయన నన్ను చెప్పుల షాపుకు లాక్కుపోయారు. లేత గోధుమరంగు బూట్లు తెప్పించారు.

"సాక్సు తీసి తొడుగు, అల్లుడూ. కొత్తయి ఇస్తడు."

"పరవాలేదండీ, సైజు నాకు తెలుసు."

"సైజు నీకు తెలిస్తే సాలదు, బూటుకు తెల్వాలె. తీయి."

"ఇంటికెళ్ళి వేసుకుని చూస్తానండీ."

"నాకు సిగ్గుపడుతున్నవా? ఎట్లాగూ నేను కడగాల్సిన కాళ్ళే గద. ఇయ్యాల్నే సూస్త" అంటూ ఆయనే వంగి సాక్సు లాగేశారు.

ఆయన నా పాదాన్ని వెలుతురు వైపు తిప్పారు.

"గిదేంది?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు గనుక గోరు, నడుము, ట్యూబు అన్నీ చెప్పేశాను. చివరికి అసలు సంగతి కూడా అనేశాను. "కాళ్ళు కడిగిన నీళ్ళు మీరు నెత్తిన చల్లుకుంటారు కదండీ. నాకు అదే భయంగా ఉంది. మీకు కూడా అంటుకుంటే? ఆ ఒక్కటీ వద్దని పంతులుగారికి చెబుదాం."

ఆయన సాక్సు నా చేతిలో పెట్టారు. "కాళ్ళు కడగకుంట బిడ్డనెట్ల ఇస్త? నెత్తి నాది. నువ్వు పరేషాన్ కాకు. మంచి డాక్టర్‌కు సూపెట్టుకో. గా మెడికల్ షాపు దిక్కు మల్ల పోయినవనుకో, పెళ్ళి సంగతి తర్వాత, నిన్నే ముందు కడుగుత."

బూట్లు వద్దని, గాలి తగిలే చెప్పులు కొన్నారు.

కొత్తపేటలో ఉన్న చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి అమ్మ కూడా వచ్చింది. వాడిన మందులన్నీ తెమ్మన్నారంటే ఫ్రిజ్‌లోంచి ట్యూబు తీసి, గుడ్డలో చుట్టి తెచ్చింది. డాక్టరమ్మ దాన్ని తిప్పి చదివింది.

"ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. రాసుకోగానే దురద, ఎరుపు పోతాయి. మనం తగ్గిందనుకుంటాం. లోపల ఫంగస్‌కు మాత్రం పండగే."

"ఫ్రిజ్‌లోనే పెట్టామండీ, పాడవకుండా."

"అది పాడవలేదు. మీవాడి ఒంటిని పాడుచేసింది."

గోరును కాస్త గీకి పరీక్షకు పంపింది. రక్తపరీక్ష రాసింది, నెలల తరబడి మాత్రలు వాడాలి కాబట్టి లివర్ చూసుకోవాలంది. తర్వాత నడుము చూసి ఆగింది.

"ఇదేంటి?"

"మొలతాడండీ."

"ఎప్పుడు మార్చారు?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కిటికీ వైపు చూసింది.

"చెమటకు తడిసిన దారం ఎప్పటికీ ఆరదు. వలయాలన్నీ దాని వెంబడే ఉన్నాయి చూడండి. ముందు ఇది తీసేయాలి."

"అయ్యో, పెళ్ళి పెట్టుకుని మొలతాడు తెంపుతారా!" అమ్మ లేచి నిలబడింది. "మగపిల్లాడు మొలతాడు లేకుండా ఉండకూడదండీ. కావాలంటే ఇంకో నాలుగు మాత్రలు ఎక్కువ రాయండి, మింగుతాడు."

నా మాత్రల బేరం నా తల మీదుగా సాగింది. డాక్టరమ్మ నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడింది. చివరికి అమ్మే ఒక మెట్టు దిగింది. నా చిన్నప్పటి వెండి మొలతాడు బీరువాలో ఉందట, దాన్ని పొడిగిస్తే దారంలా తడి పట్టదు కదా అని అడిగింది. ఒళ్ళు పూర్తిగా తగ్గాకే అయితే సరేనంది డాక్టరమ్మ. అంతదాకా అమ్మ మొలతాడును దేవుడి దగ్గర పెట్టింది. నా నడుము బాధ్యత కొన్నాళ్ళు ఆయనకు అప్పగించారన్నమాట.

ఆ రోజు డాక్టరమ్మ దగ్గర్నుంచి లేచేముందు నా ప్రశ్న అడిగాను. మామగారు, పళ్ళెం, నెత్తి.

"అప్పటికి మందు పనిచేస్తూ ఉంటుంది. ఆ పొద్దున కాళ్ళు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకోండి. నాలుగు చుక్కలు తలమీద పడితే సాధారణంగా ఏమీ కాదు" అంది.

రీజనింగ్ చెప్పేవాడితో 'సాధారణంగా' అనకూడదు. ఆ మాటను పెళ్ళిదాకా మోశాను.

మిగతావన్నీ చెప్పినట్టే చేశాను. తువ్వాలు వేరు. బట్టలు తిరగేసి ఎండలో ఆరెయ్యడం, ఇస్త్రీ చేయడం. మందు వలయం మీదే కాదు, దాని అంచు దాటి కూడా రాయడం, కనిపించకుండా పోయాక కూడా ఆపకపోవడం. అన్నిటికంటే కష్టం అదే, లేని శత్రువుతో యుద్ధం చేస్తున్నట్టుంటుంది. పెళ్ళి దగ్గరపడేసరికి నడుము శుభ్రపడింది. గోరు మాత్రం తన తీరికలో తానుంది. బొటనవేలి గోరు పూర్తిగా మారాలంటే ఏడాది పైనే పడుతుందట. పనీపాటా లేనివాళ్ళు గోళ్ళు గిల్లుకుంటారంటారు గానీ, నేను అంత పని పెట్టుకుని గోరునే చూస్తూ కూర్చున్నాను. అడుగున, చర్మంలోంచి, గులాబీరంగు వంపు ఒకటి బయటికి రావడం చూసిన రోజు నా విద్యార్థికి ర్యాంకు వచ్చినంత సంతోషం వేసింది.

పెళ్ళి నాగోల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో, పొద్దుటి ముహూర్తం. అత్తగారు చెంబుతో నీళ్ళు పోస్తున్నారు. మామగారు పళ్ళెంలో నా కాళ్ళు పట్టుకున్నారు. కుడి బొటనవేలి దగ్గరికి రాగానే ఆగి, తన బొటనవేలితో గోరు మీద తడిమి, తలెత్తి నా వైపు చూశారు.

"సగం తెల్లారింది, అల్లుడూ."

తర్వాత ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నారు. డాక్టరమ్మ నాలుగు చుక్కలంది. ఆయన దోసిలి ముంచారు. అందులో కొంత మీసం మీద కూడా పడింది. పక్కనున్న పెళ్ళికూతురు నా మొహం చూసి ముహూర్తం భయం అనుకుందట.

పదహారు రోజుల పండగకు అమ్మతో కలిసి మేం మీర్‌పేట్ వెళితే మామగారు తలకు తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో ఎదురొచ్చారు. లోపలికి వెళ్ళాక తువ్వాలు తీశారు. నుదుటి పైన, చెవుల మీదుగా, ముక్కు కింద ఎర్రగా వాచి, పొక్కి ఉంది. నీళ్ళు ఎక్కడెక్కడ పడ్డాయో సరిగ్గా అక్కడక్కడే.

"నీ తీర్థం మస్తు పనిచేసింది, అల్లుడూ" అన్నారు నవ్వుతూ. అత్తగారు నా కాళ్ళ వైపు చూసిన చూపు నాకు తగిలింది. మా అమ్మ మాత్రం మెల్లగా, "చెప్పానా, మొలతాడు తీస్తే ఏదో ఒకటి అవుతుందని" అంది.

భోజనం సహించలేదు. విస్తరి ముందు నుంచే ఆయన్ని లేపి, స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని, కొత్తపేట తీసుకుపోయాను. దారంతా ఆయన వెనకనుంచి, "గింత చిన్నదానికి గంత స్పీడెందుకు, మెల్లగ పో" అంటూనే ఉన్నారు. డాక్టరమ్మ గదిలో నేనే ముందు మొదలుపెట్టాను. గోరు, పళ్ళెం, దోసిలి. ఆమె నా మాట పూర్తికానివ్వలేదు. దీపం దగ్గరికి జరిపి, భూతద్దంతో చూసి, మామగారిని అడిగింది.

"అంకుల్, జుట్టుకు రంగు ఎప్పుడు వేసుకున్నారు?"

"నాకెందుకమ్మా రంగు? మా బాయి నీళ్ళ..."

"పెళ్ళికి వేసుకున్నారా? మళ్ళీ ఈ పండక్కి కూడానా?"

ఆయన గోడ మీద ఉన్న పటాన్ని చూశారు. తర్వాత నన్ను చూశారు.

"అల్లుడూ, జర బయట కూసో."

నేను కదల్లేదు. అప్పుడే పెళ్ళయినవాణ్ణి, మామగారి మాట వినకపోవడం అదే మొదలు.

"పెళ్ళికి ఒకసారి" అన్నారాయన నేల చూస్తూ. "మల్ల మొన్న. కొత్త ప్యాకెట్ తెచ్చిన, పాతది దొరకలే."

"ఇది ఫంగస్ కాదు. ఆ రంగు మీకు పడలేదు, అలర్జీ. కాళ్ళకూ దీనికీ ఏ సంబంధమూ లేదు" అంది డాక్టరమ్మ.

నేను అక్కడే, మామగారూ డాక్టరూ చూస్తుండగా, గట్టిగా నవ్వేశాను. నెలల తరబడి గోరంత విషయాన్ని కొండంత చేసుకుని మోసినవాడికి దాన్ని దించుకోవడం ఎలాగో మర్యాదగా తెలియదు.

"ఎందుకు నవ్వుతున్నవ్?" మామగారు కోపంగా అడిగారు.

"నాది కాదండీ మావయ్యగారూ! నాది కాదు!"

మందులు తీసుకుని కిందికి దిగాక ఆయన స్కూటర్ ఎక్కలేదు. సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"ఇంటికి పోయి ఏమని చెప్తవ్?"

"రంగు పడలేదని."

"మీ అత్తకు రంగు సంగతి తెల్వది బిడ్డా. ఇన్నేండ్ల సంది తెల్వది."

నాకు నమ్మబుద్ధి కాలేదు గానీ ఆయన మొహం చూసి ఊరుకున్నాను. "మరి ఏమని చెప్పమంటారు?"

ఆయన అటూ ఇటూ చూసి, నా భుజం మీద చెయ్యి వేశారు. "నీ గోరే అని చెప్పు."

ఏ మాట పడకూడదని అన్నాళ్ళు మాత్రలు మింగానో, ఆ మాట నేనే నోరారా ఒప్పుకోవాలి. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సరేనన్నాను. చేయని తప్పు నెత్తిన వేసుకోవడం అంత హాయిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆయన నా కాళ్ళ నీళ్ళు నెత్తిన పోసుకున్నారు, నేను ఆయన రంగు పూసుకున్నాను.

అత్తగారు ఆ తర్వాత చాలాకాలం నేను వెళ్ళినప్పుడల్లా నాకు విడిగా తువ్వాలు, విడిగా చాప ఇచ్చేవారు. డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తే కదా అని నేను సంతోషంగా తీసుకునేవాణ్ణి. మామగారు అప్పుడు మాత్రం పేపరు వెనక్కి వెళ్ళిపోయేవారు.

రంగు మానేయడంతో ఆయన రహస్యం దానంతటదే మీసం మొదట్లోంచి పెరగడం మొదలుపెట్టింది. అందుకే ఇది ఇక్కడ రాయగలుగుతున్నాను. నా పసుపుపచ్చ గోరులో చివరి ముక్క మిగిలిన వారం మేం మీర్‌పేట్‌లోనే ఉన్నాం. వరండాలో ఎండకు కాలు చాపుకుని, నా సొంత గోళ్ళకత్తెరతో దాన్ని కత్తిరించాను. కింద మొత్తం గులాబీరంగు. ఎదురుగా కుర్చీలో ఆయన, పైన నలుపు, మొదట్లో తెలుపు.

"సగం తెల్లారింది, మావయ్యగారూ" అన్నాను.

ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నారు. వంటింటి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నారు.

"బాయి ఎండింది, అల్లుడూ."

లోపలినుంచి అత్తగారి నవ్వు వినిపించింది.