కొట్టేసిన వరుసలు

పాత డేటాబేస్ ఫైళ్లను చదివి, తిరిగి రాసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ తయారుచేస్తున్న అతణ్ణి ఆఫీసంతా తవ్వకాల బావగారంటుంది. ముక్కు తెరకు ఆనించి, చల్లారిన టీ చప్పరిస్తూ, పెదాలు కదుపుతూ చదువుతాడు. ఆ ఫైళ్లలో కొట్టేసిన వరుస చెరిగిపోదు, దాని ముందు చిన్న నక్షత్రం గుర్తు పడుతుందంతే. పోయిన నెల లైబ్రరీని పరీక్షించడానికని తమ ఆఫీసున్న భవనం యజమాని ఇచ్చిన ఫైలులో, లిఫ్టు కేబుల్ అరిగిందన్న వరుసలన్నిటికీ నక్షత్రాలే. కేబుల్ మార్చినట్టు మాత్రం ఎక్కడా లేదు. మేనేజరుకు చూపించాడు.

"కొట్టేసినవాటితో మనకేం పని బావగారూ? మీ లైబ్రరీ వాటిని దాటేస్తే చాలు."

అప్పట్నుంచి అతడు మెట్లే ఎక్కుతున్నాడు. ఈ ఉదయం కిక్కిరిసిన లిఫ్టులోంచి మేనేజరు, "రండి, సర్దుకుందాం" అన్నాడు.

"దిగండి సార్, నా మాట వినండి."

నవ్వుల మధ్య తలుపు మూసుకుంది. రోజూలాగే అతడు మొదటి మెట్టు మీద నిలబడి, పైకి పోతున్న కేబుల్ చప్పుడు విన్నాడు. వాళ్ల అంతస్తు రాకముందే ఆ చప్పుడు ఠక్కున ఆగిపోయింది.