గొర్రె కింద ఫోన్ నంబరు

మా ఆయన బోర్డులు రాసే పెయింటరు. టైర్ల కొట్టుకైనా, పళ్ళ డాక్టరుకైనా అక్షరాలు ముత్యాల్లా రాస్తారు. నోరు తెరిపించాలంటే మాత్రం గునపం కావాలి. ఒకసారి నిచ్చెన మీంచి పడి కూడా "అమ్మా" అనలేదు. చప్పుడు విని నేనే పరుగెత్తుకెళ్ళాను.

ఇలాంటి మనిషికి ఎలాంటి కోరిక పుట్టిందో చూడండి. చర్చిలో సాక్ష్యం చెప్పాలట! పెళ్ళికి ముందు ఈయన తాగి రోడ్డు మీద పడుండేవారు. అందులోంచి దేవుడు తనను ఎలా లేపాడో నలుగురి ముందు ఒక్కసారైనా చెప్పాలి. ప్రతి ఆదివారం లేచి నిలబడేవారు, చెమటలు కక్కేవారు, కూర్చునేవారు. ఇంటికొచ్చి కంచం ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నాకు కడుపు తరుక్కుపోయేది, ఒళ్ళూ మండేది.

చూసి చూసి పాస్టరుగారే ఓ ఉపాయం చెప్పారు.

"మాట రాకపోతే పోనీండి బ్రదర్, బొమ్మ వస్తుందిగా! మార్కెట్ పక్క హాల్లో సభ పెడదాం. మనవాళ్ళు పాడుతుంటే మీరు అందరి ముందు బొమ్మ వెయ్యండి. చివర్లో నేను నాలుగు ముక్కలు చెప్తాను. చర్చి గడప తొక్కనివాళ్ళు కూడా బొమ్మంటే వస్తారు."

నిజంగానే వచ్చారు. హాలు కిటకిటలాడింది. పాటలవాళ్ళు శ్రుతి కుదరక తంటాలు పడుతుంటే, ఈయన పెద్ద రేకు మీద దేవుణ్ణి గొర్రెల కాపరిగా వేశారు, ఆయన భుజాల మీద తప్పిపోయి దొరికిన గొర్రెను వేశారు. పైన ఎర్రటి అక్షరాలు: "తప్పిపోయారా? మీకోసం వెతుకుతున్నాడు." కాపరి ముఖం చూస్తే నాకు గుండె నిండిపోయింది. గొర్రె ముఖమే ఎక్కడో చూసినట్టుంది. మా ఆడపడుచు నా చెవిలో, "వదినా, అలిగినప్పుడు అచ్చం నువ్వే!" అంది. ఇంటికి రానీ చెప్తాను ఈయన సంగతి, అనుకున్నాను.

పాట అయిపోయింది, పాస్టరుగారు మైకు అందుకున్నారు. బోర్డు పూర్తయ్యాక ఈయన చెయ్యి ఊరుకోదు కదా! కింద కుడిమూలన, పసుపు రంగులో, నీడతో సహా, చకచకా తన ఫోన్ నంబరు రాసేశారు. రాసిన ప్రతి బోర్డు కిందా నంబరు వెయ్యడం ఎన్నో ఏళ్ళ అలవాటు మరి.

హాలంతా గొల్లుమంది. "దేవుడికి సిగ్నల్ దొరుకుతుందా అండీ?" అని వెనక నుంచి ఎవడో కేకేశాడు. పాస్టరుగారి నాలుగు ముక్కలూ ఆ నవ్వుల్లో కొట్టుకుపోయాయి. జనం మాత్రం ఎగబడి ఫొటోలు తీసుకున్నారు.

"ఉన్న ఒక్క అవకాశమూ చేజేతులా పాడుచేసుకున్నాను" అన్నారు ఈయన దారిలో. ఆయన లెక్కలో అది ఉపన్యాసమే.

తెల్లారిందో లేదో ఫోను మొదలైంది. ఒకావిడ మేక తప్పిపోయిందట. "నల్లదండీ, ఒక చెవి తెగింది, కాస్త వెతికిపెడతారా?" ఇంకొకడు, "గొర్రె ఉందా? ఫోనివ్వండి" అని ఇకిలించాడు. ఆ ఫోను లాక్కుని గొర్రె తరఫున నేనే గడ్డి పెట్టాను.

"ఆ నంబరు మార్చి పారేయండి, పీడా పోతుంది!" అని నేను అరుస్తుండగానే మళ్ళీ మోగింది. చేతికి రంగు కాబట్టి ఈయన ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతారు. ఎవరో నడివయసు మగమనిషి గొంతు.

"అన్నా, తాగి గొడవపడి ఇంట్లోంచి వచ్చేశాను. వెనక్కి వెళ్దామంటే మొహం చెల్లట్లేదు. ఆ బొమ్మలో ఆయన... గొర్రెను ఏం తిట్టలేదా?"

మా ఆయనకు చెమటలు పట్టాయి. నేను అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"తి... తిట్టలేదండీ."

"ఒక్క మాట కూడానా?"

"నన్నూ అనలేదండీ. తాగి రోడ్డు మీద పడున్నాను. కంపు కొడుతున్నాను. ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. ఎత్తుకున్నాడు, అంతే."

ఇన్నేళ్ళు కాపురం చేసిన నాకు కూడా చెప్పని మాట అది. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

"ఎక్కడున్నారు? బస్టాండులోనా? అక్కడే ఉండండి, కదలకండి, వచ్చేస్తున్నా" అంటూ చెప్పులైనా వేసుకోకుండా సైకిలెక్కారు. నేను లేచి ఇంకో గ్లాసుడు బియ్యం కడిగాను.