ఒక్క పొద్దు నాటి గోలి

ముందే చెబుతున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. దానికి మందు లేదు. నా భార్య బీపీకి ఉంది. వచ్చిన తిప్పలన్నీ ఆ మందుతోనే.

గద్వాల దవాఖానలో సిస్టరమ్మ నా భార్య ఫోన్‌లో ఒక యాప్ వేసి ఇచ్చింది. రోజూ పొద్దున అది మోగుతుంది. గోలి మింగి, ‘వేసుకున్నాను’ అని రాసి ఉన్న పచ్చ గుర్తు నొక్కాలి. నొక్కేదాకా ఊరుకోదు. గట్టు మండలంలోని మా ఇంట్లో మోగితే రాజోలి దగ్గర తుంగభద్రలో చేపలు ఉలిక్కిపడి లేస్తాయి. మా బర్రె తాడు తెంచుకుంది. విని విని నా చెవులు జారి భుజాల మీదికొచ్చాయి.

ఇంత మోగినా, కొన్నాళ్లకు చూస్తే బీపీ పెరిగింది. డాక్టరు తన కంప్యూటర్‌లో చూశాడు. అన్నీ పచ్చ గుర్తులే. మా ఊరి చేలు ఏ కాలంలోనూ అంత పచ్చగా లేవు.

“గోలి సరిపోతలేదమ్మా. డబుల్ రాస్తున్న.”

అసలు సంగతి నాకు తెలుసు. సోమ, గురు, శనివారాలు ఆమెకు ఒక్క పొద్దు. చీకటి పడ్డాకే ముద్ద. గోలి అంటే పొద్దున తిన్నాక వేసుకునేదని ఆమె లెక్క. తినని రోజు వేసుకోదు. మోత ఆగాలని గుర్తు మాత్రం నొక్కుతుంది. ఇప్పుడు మందు డబుల్ చేస్తే, వేసుకున్న రోజు కళ్లు తిరిగి పడిపోతుంది. వేసుకోని రోజు పక్షవాతం భయం ఉండనే ఉంది.

“సారూ, వారంల మూడు దినాలు వేస్కోదు,” అన్నాను.

ఆమె నా వైపు చూసింది. ఆ చూపుకు దవాఖాన గోడ సున్నం రాలింది.

“మరి నొక్కినవ్ గదమ్మా?” అన్నాడు డాక్టరు.

“నొక్కకుంటే ఊకుంటదా సారూ? పసిపిల్ల లెక్క ఏడుస్తది. నోరు మూపిచ్చిన.”

“గన్ని ఒక్క పొద్దులు ఎందుకమ్మా?”

“ఈయనకు సుగర్ తగ్గాలని.”

నేను పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూశాను. డాక్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

“ఒక్క పొద్దు నాడు చాయ్ తాగుతవా?”

“చాయ్ లేకుంటె పానం నిలుస్తదా సారూ? తాగుత.”

“జర గా చాయ్ తాగినప్పుడే వేస్కో. ఈ గోలికి తిండితోని పనిలేదు.”

డబుల్ రాయలేదు. “సరే సారూ, గట్లనే వేస్కుంట,” అని ఆమె ఒప్పుకుంది.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. చేపలూ, బర్రే, సున్నమూ కావు, అవి కొంచెం పెంచానంతే. కల్పించింది ఆ చివరి మాట. ఆమె సరే అనలేదు. గద్వాల నుంచి ఇంటి దాకా బస్సులో కిటికీ కడ్డీకి తల ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుంది.

ఇవాళ శనివారం. చాయ్ గ్లాసు పక్కన గోలి పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

“ఏంది గట్ల చూస్తున్నవ్, పోలీసోని లెక్క?”

“ఏం లేదు. చాయ్ తాగు.”

సగం తాగి గ్లాసు కింద పెట్టింది. గోలి అక్కడే ఉంది. మిగతా సగం ఎప్పుడు తాగుతుందా అని కూర్చున్నాను.