శుక్రవారం గొంతెత్తే బాయిలర్

బాయిలర్ అంటే అప్పటిదాకా నాకు తెలిసింది మా పెరట్లో కొబ్బరి డొక్కలతో మండించే రాగి బాయిలరు. అది పొగ పెట్టేది గాని మాట్లాడేది కాదు. మాట్లాడే బాయిలర్‌ని నేను మొదటిసారి సిడ్నీలో చూశాను. చదువుకి రమ్మంటూ యూనివర్సిటీ వాళ్లు పంపిన రంగుల పుస్తకంలో దాని ప్రస్తావన లేదు. చలి ప్రస్తావన కూడా లేదు. బీచిలో నవ్వుతున్న విద్యార్థులు మాత్రం చాలామంది ఉన్నారు.

సిడ్నీలో చలి ఉండదని సిడ్నీ వాళ్ల నమ్మకం. ఇళ్లు కూడా ఆ నమ్మకంతోనే కడతారు. అందుచేత అక్కడి చలికాలం మొదలయ్యే జూన్ వచ్చేసరికి కాస్త వెచ్చబడదామని ఇంట్లోంచి వీధిలోకి వెళ్లాల్సి వస్తుంది. ఈ విషయంలో నాది అదృష్టమే. సిడ్నీ శివారు గిరావీన్‌లో నేను గది అద్దెకి తీసుకున్న ఇల్లు మొదట ఎవరో మంచుదేశం నుంచి వచ్చిన ముసలాయన కట్టించుకున్నది. ఆయనకి సిడ్నీ మాట మీద గురి లేనట్టుంది, ప్రతి గదిలోనూ గోడకి ఇనప రేడియేటర్ బిగించాడు. లాండ్రీ గదిలో ఉన్న బాయిలర్లో నీళ్లు కాగి, గొట్టాల వెంట ఇల్లంతా తిరిగి వాటిని వేడెక్కిస్తాయి.

ఆ ఇల్లు తర్వాత కొనుక్కున్నది కాకినాడ వైపు దంపతులు. అంకుల్‌ది బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆంటీ వృద్ధుల ఆశ్రమంలో నర్సు. వాళ్లబ్బాయి చదువుకి మెల్‌బోర్న్ వెళ్లిపోతే ఖాళీ అయిన గదిలో నేను చేరాను. ఇల్లు కొనేటప్పుడు స్టేషన్ దగ్గరుండాలని, పైకప్పు గట్టిగా ఉండాలని అంకుల్ చాలా షరతులు పెట్టారట. ఆంటీ పెట్టింది ఒక్కటే. హాలు పెద్దదై ఉండాలని.

ఎందుకంటే శుక్రవారం సాయంత్రం ఆ హాల్లో ప్రార్థన కూటం జరుగుతుంది. చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ వస్తాయి. పాటలు, వాక్యం, ప్రార్థన, తర్వాత ఇడ్లీ సాంబారు. నేను సంఘస్థుణ్ణి కాదు. మా ఇంట్లో శుక్రవారం అంటే తలంటు, లక్ష్మీదేవి. అయినా ఏ వారమూ మానలేదు. దైవచింతనలో సాంబారు పాత్ర గురించి పెద్దలెవరూ సరిగ్గా రాయలేదని నా అభిప్రాయం.

ఆంటీకి మాత్రం ఆ సాయంత్రం వేరు. వారమంతా ఆవిడ ఆశ్రమంలో ముసలివాళ్లతో మెల్లిగా, నిదానంగా ఇంగ్లీషు మాట్లాడేది. ఇంటికొచ్చాక కూడా కాసేపు ఆ గొంతే ఉండిపోయేది. అంకుల్‌ని అన్నానికి పిలిచినా మాత్రలు వేసుకోమన్నట్టు వినిపించేది. శుక్రవారం మధ్యాహ్నం మడత కుర్చీలు బయటికి తీస్తున్నప్పుడు గొంతు మారేది. ఆరోజు ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి వీధి గేటు దాకా వినిపించేలా తెలుగు మాట్లాడేది.

ఆ చలికాలం మొదట్లో పాత బాయిలర్ పోయింది. అంకుల్ ఇంటర్నెట్‌లో రివ్యూలన్నీ చదివి, పెళ్లి సంబంధం చూసినట్టు చూసి, కొత్తది తెప్పించారు. తెల్లగా, నడుమెత్తున, పైన బల్లలా చదునుగా ఉండేది. గుసగుసంత చప్పుడు కూడా చెయ్యదని దాని మీద రాసుంది. పెట్టిన రోజు ఆంటీ దాని మీద అరచెయ్యి ఆనించి, వెచ్చదనం చూసి, "పర్లేదండి, దేనికైనా పనికొస్తాది" అంది. ఆ చలిలో పెరుగు తోడుకోక, ఇడ్లీ పిండి పులియక ఆవిడ పడుతున్న అవస్థ మాకు తెలుసు. మర్నాటికి పెరుగు గిన్నె బాయిలర్ ఎక్కింది. తర్వాత పిండి గిన్నె ఎక్కింది. శుక్రవారం ప్రార్థన అయ్యేదాకా చల్లారకుండా సాంబారు గుండిగ కూడా అక్కడికే చేరింది. తెలుగింట్లో చదునైన జాగా ఖాళీగా ఉండదు కనక ఇందులో ఎవరికీ ఏ విశేషమూ కనిపించలేదు.

మొదటి శుక్రవారం, అందరూ కళ్లు మూసుకుని మౌనంగా ప్రార్థిస్తుండగా, హాల్లో రేడియేటర్ మూలిగింది. సన్నగా మొదలై, రాగం తీసి, చివర్లో గడగడలాడింది. కాసేపాగి మళ్లీ. లోపల ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకుంటున్నట్టుంది. ప్రార్థనకి ముగింపు మాటలు మొదలుపెట్టిన అయ్యగారు, అంటే పాస్టరు గారు, ఆగి ఆ పెద్దమనిషికి అవకాశమిచ్చి, మళ్లీ మొదలుపెట్టారు.

మామూలు రోజుల్లో ఆ చప్పుడు ఉండీ లేనట్టుండేది. శుక్రవారం మాత్రం తప్పేది కాదు. "దీనికి మన మతం పడలేదోయ్" అన్నారు అంకుల్, ఆంటీ లేనప్పుడు.

అంకుల్ కంపెనీకి ఫోన్ చేశారు. మెకానిక్ ఆర్వో వస్తానన్నాడు. ఆర్వో అంటే ఇక్కడ మధ్యాహ్నం తర్వాత ఎప్పుడైనా అని అర్థం. మన ఇళ్లలో బయటి మనిషి వస్తున్నాడంటే, ఆ ఇంట్లో అసలు మనుషులు ఉంటున్నట్టు కనిపించకూడదు. ఆంటీ రేడియేటర్ల మీద ఆరేసిన బట్టలు తీసేసింది. బాయిలర్ మీది గిన్నెలన్నీ దించి వంటింట్లో పెట్టింది. తెల్లవాడికి పిండి వాసన రాకూడదని స్ప్రే కొట్టింది. బాయిలర్‌ని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచింది. గజగజలాడే చలిలో నిక్కరు వేసుకొచ్చిన ఆ భారీ మనిషి లాండ్రీలోకి వెళ్లి చెవి పెట్టి విన్నాడు. బాయిలర్ బడిపంతులు ముందు నిలబడ్డ పిల్లాడిలా ఉంది.

"నథింగ్ రాంగ్, మేట్" అన్నాడు.

అంకుల్ తన ఫోన్‌లో రికార్డు చేసింది వినిపించారు. శుక్రవారం చేసిన రికార్డు కావడంతో అందులో ఇరవైమంది కలిసి స్తోత్రగీతం పాడుతున్నారు. అతను శ్రద్ధగా చివరిదాకా విని, పాట బాగుందన్నాడు. అతను వెళ్లిపోయాక గిన్నెలు మళ్లీ బాయిలర్ ఎక్కాయి.

రెండోసారి పిలిస్తే కూడా అదే జరిగింది. ఆంటీ తుడవడం మాత్రం ఇంకా బాగా తుడిచింది. ఈసారి అతను మాట దక్కించుకోడానికి ఒక స్క్రూ తిప్పి వెళ్లాడు.

అప్పుడు అంకుల్ దృష్టి నా మీద పడింది. నేను మెకానికల్. పైగా ఆ సెమిస్టర్లో నా పేపర్లలో ఒకటి సాక్షాత్తూ వైబ్రేషన్స్. నేను బాయిలర్ చుట్టూ ఒకసారి తిరిగి, ఇది రెసొనెన్స్ అయ్యుండొచ్చన్నాను. ఆ మాట ఆ వయసులో దేనికైనా అనేవాణ్ణి. అంకుల్ దాన్ని రోగం పేరులా గుర్తుపెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ విచారంగా చెప్పేవారు. చికిత్సగా నేను బాయిలర్ కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టాను. ఆ శుక్రవారం అది ఇంకాస్త సుఖంగా మూలిగింది.

అయ్యగారు కూడా తన వంతు ప్రయత్నం చేశారు. ప్రార్థన మధ్యలో లేచి రేడియేటర్ మీద చెయ్యి ఉంచారు. చాలా వేడిగా ఉండటంతో ఆ ప్రార్థన క్లుప్తంగా ముగిసింది.

సంఘంలో బ్లాక్‌టౌన్ నుంచి వచ్చే సిస్టర్ ఒకావిడ ఉండేది. వాళ్లది కొత్త ఎస్టేట్‌లో కొత్త ఇల్లు, చప్పుడు చెయ్యని ఏసీ, మా హాలుకి రెండింతల హాలు. ఆ హాలు సంగతి ఆవిడ అడక్కుండానే చెప్పేది. ఇడ్లీలు తింటూ అయ్యగారితో, చలికాలం వెళ్లేదాకా కూటం వాళ్లింట్లో పెట్టుకుంటే పెద్దలకి వాక్యం వినబడుతుందని అంది. అయ్యగారు ఇబ్బందిగా ఆంటీ వైపు చూశారు. ఇంకొక్క వారం చూద్దామమ్మా అన్నారు. తర్వాత ఎలాగుంటే అలాగన్నారు.

ఆంటీ తలూపింది. వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. అప్పటికి వంటంతా అయిపోయి, తినడం కూడా సగం అయిపోయింది.

ఆ వారం ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది, బాయిలర్‌తో సహా. ఒకసారి వెళ్లినవాళ్లు తిరిగి రారని ఆంటీకి తెలుసు. అంత పెద్ద హాలు చూశాక ఎవరొస్తారు? అంకుల్ కూడా ఆ మాటే అని, అన్నాక నాలిక్కరుచుకున్నారు. కుర్చీలు ఎవరికైనా ఇచ్చేద్దామా అని ఆవిడ ఒకసారి అడిగింది. దేనికీ జవాబు ఆశించని గొంతుతో అడిగింది.

శుక్రవారం నేను యూని నుంచి వచ్చేసరికి అంకుల్ హాల్లో కుర్చీలు వేస్తున్నారు, ఆంటీ స్నానానికి వెళ్లింది, బాయిలర్ మూలుగుతోంది. నాకు కావలసింది ఒక సాక్సు. లాండ్రీలో గొట్టం మీద ఆరేసిన జతలో ఒకటి బాయిలర్ వెనక పడింది. వంగి అందుకోడానికి సాంబారు గుండిగ అడ్డంగా ఉంది. ఎత్తి కింద పెట్టాను.

మూలుగు ఆగిపోయింది.

గుండిగ మళ్లీ పైన పెట్టాను. మూలిగింది. ఎత్తాను, ఆగింది. ఒక మాస్టర్స్ విద్యార్థి సాంబారు గుండిగని దించుతూ ఎత్తుతూ అలా ఎంతసేపున్నాడో చెప్పడం ఇప్పుడు అనవసరం. విషయం చాలా తేలిక. లోపల పంపు తిరుగుతుంటే పై రేకు సన్నగా అదురుతుంది. దాని మీద స్టీలు గుండిగ, గుండిగ మీద స్టీలు పళ్లెం, పక్కనే పిండి గిన్నె, దాని మూత. అన్నీ కలిసి వాయిస్తుంటే గొట్టాలు ఆ కచేరీని గదిగదికీ మోసుకెళుతున్నాయి. మెకానిక్ వచ్చినప్పుడల్లా వాయిద్యాలని మేమే దించేస్తున్నాం. రెసొనెన్స్ అని నేనన్నది నిజమే. సాంబారుతో అని చెప్పలేకపోయాను, అంతే.

కాసేపట్లో జనం వస్తారు. ఆంటీకి చెబితే గుండిగ దించేస్తుంది, ప్రార్థనయ్యేసరికి సాంబారు చల్లారిపోతుంది. చల్లటి సాంబారు పోస్తే బ్లాక్‌టౌన్ హాలు ఇంకా పెద్దదవుతుంది. మా అమ్మమ్మ ఇంట్లో కుండల్ని ఉత్త నేల మీద పెట్టేవారు కాదు. గుడ్డని చుట్టలా మెలిపెట్టి, చుట్టకుదురు చేసి, దాని మీద కూర్చోబెట్టేవారు. నా తువ్వాలు తెచ్చి అలా మెలిపెట్టి గుండిగ కింద ఉంచాను. పిండి గిన్నె కిందికి నా మఫ్లరు వెళ్లింది. పళ్లేనికీ గుండిగకీ మధ్య ఇందాకటి సాక్సు పెడదామనిపించింది గాని, తినేవాళ్లలో నేనూ ఉన్నానని గుర్తొచ్చి కాగితం రుమాలుతో సరిపెట్టాను.

ఆ సాయంత్రం మౌన ప్రార్థన నిజంగానే మౌనంగా జరిగింది. అలవాటు తప్పి కొందరు కళ్లు తెరిచి రేడియేటర్ వైపు చూశారు. అయ్యగారు ముగింపు మాటల మధ్యలో ఆగి, అది మాట్లాడుతుందేమోనని మర్యాదగా ఎదురుచూసి, తర్వాత కొనసాగించారు. చివర్లో ఆంటీ సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పడానికి, లేచింది. వారమంతా కన్నీటితో అడిగానని, ప్రభువు బాయిలర్ నోరు మూయించాడని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. స్క్రూ గట్టిగా తిప్పించామని అంకుల్ నా చెవిలో అన్నారు.

ఆంటీ సాంబారు తేవడానికి లాండ్రీలోకి వెళ్లింది. గుండిగ తేవడానికి పట్టే సమయం కంటే ఎక్కువ పట్టింది. తర్వాత నన్ను వంటింట్లోకి రమ్మని పిలిచింది. చేతిలో నా తువ్వాలు ఉంది.

"ఎప్పట్నుంచి తెలుసు బాబూ నీకు?"

"ఇందాకట్నుంచేనాంటీ. మీరు స్నానం చేస్తున్నారు."

"నా గుండిగేనా, ఇన్నాళ్లూ?"

"పిండి గిన్నె కూడా కొంచెం సాయం చేసింది."

ఆవిడ హాలు వైపు చూసింది. అక్కడ అయ్యగారు ఎవరితోనో రేడియేటర్‌ని చూపిస్తూ మాట్లాడుతున్నారు.

"సాక్ష్యం చెప్పేశానే."

"దేవుడు కాదని నేనేం అనలేదు కదాంటీ."

తువ్వాలు మడతపెట్టింది. "నువ్వు మా సంఘం కూడా కాదు" అంది. మళ్లీ తనే, "ఆయనకి అలాంటి పట్టింపులుండవులే. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లచేత చేయిస్తాడు" అంది. తర్వాత హాల్లోకి వెళ్లి, అయ్యగారు అడగకముందే, "వచ్చే శుక్రవారం ఇక్కడేనండి అయ్యగారూ" అంది. పొయ్యి దగ్గర్నుంచి గేటు దాకా వినిపించే గొంతుతోనే అంది. బ్లాక్‌టౌన్ సిస్టర్ ఇంకో ఇడ్లీ వేయించుకుంది.

వారం తిరిగేసరికి బాయిలర్ మీద పాత నేతచీరతో కుట్టిన చుట్టకుదుళ్లు వచ్చాయి, ఒక్కో గిన్నెకి ఒక్కో కొలతలో. నా తువ్వాలు ఇస్త్రీ చేసి నా మంచం మీద పెట్టి ఉంది. ఎంత ఉతికినా ఇంగువ వాసన పోలేదు. యూని జిమ్‌లో అది నాకు కొంత ఏకాంతం కల్పించింది. సాక్ష్యం విషయం ఆంటీని తొలిచినట్టుంది. తర్వాతి కూటంలో లేచి, పోయిన వారం చెప్పినదానికి ఒక చిన్న సవరణ ఉందని మొదలుపెట్టి, గుండిగ దగ్గర్నుంచి తువ్వాలు దాకా అంతా చెప్పేసింది. అందరూ ఒక్క క్షణం ఆగి, మళ్లీ స్తోత్రం అన్నారు. అంకుల్ మాత్రం స్క్రూ మీద నమ్మకం వదులుకోలేదు.

చలికాలం చివర్లో మెకానిక్ మామూలు సర్వీసింగ్‌కి వచ్చాడు. ఈసారి ఆంటీ ఏమీ దించలేదు, స్ప్రే కూడా కొట్టలేదు. అతను లాండ్రీలో నిలబడి, కుదుళ్ల మీద వరసగా కూర్చున్న గిన్నెల్ని చూసి, అవేమిటని అడిగాడు.

"పార్ట్ ఆఫ్ ది బాయిలర్" అంది ఆంటీ, ఆశ్రమంలో మాత్రలిచ్చే గొంతుతో. అతను తలూపి, వాటి జోలికి పోకుండా పని చూసుకున్నాడు.