థింసా కోసం కొన్న కెమెరా

మొన్న మా అల్లుడు ఫోను కొనడానికి మూడు రోజులు సెలవు పెట్టాడు. అందులో కెమెరా బాగుండాలట. అతన్ని ఆక్షేపించే అర్హత నాకు లేదు. అరకులోయ దగ్గర కొండ ఊళ్లో బడిపంతులుగా ఉన్న రోజుల్లో నేనొక వీడియో కెమెరా ఎంచుకోవడానికి మూడు నెలలు తీసుకున్నాను.

అదంతా మేం అద్దెకున్న ఇంటి యజమానురాలి కోసం. మేము పెద్దమ్మా అని పిలిచే ఆ గిరిజన రైతు, ఊరి ఆడవాళ్లు థింసా నాట్యం ఆడేటప్పుడు వరసకు ముందు నడిచేది. మోకాలు మొరాయిస్తోందని, ఆ చైత్ర పండుగతో ఆట మానేస్తానని చెప్పేసింది. ఆ ఆఖరి ఆటను ఎలాగైనా తీసి దాచాలని మా ఆవిడ పట్టుబట్టింది. నా పండగ అడ్వాన్సూ తన చీటీ డబ్బూ కలిపితే కొత్త కెమెరా అట్టపెట్టె వరకూ వచ్చేది, లోపలి వస్తువు రాదు.

అందుకని సెలవు దొరికినప్పుడల్లా విశాఖపట్నం దిగి పాతవి చూసేవాణ్ణి. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, పెళ్లి వీడియోల వాళ్లు భుజం మీద మోసేది ఒకటుండేది. ఎత్తుకుంటే చాలు, ఎంతటివాడికైనా హోదా వచ్చేది. అలాంటిదొకటీ, అరచేతిలో ఇమిడే చిన్నదొకటీ మా తాహతుకు దగ్గర్లో ఉన్నాయి. వెళ్లిన ప్రతిసారీ రెండూ చేతికి తీసుకుని, ఎదుటి షాపు బోర్డును జూమ్‌లో దగ్గరకు లాగి, దూరం తోసి, చెమటలు పట్టి, ఏమీ కొనకుండా తిరిగొచ్చేవాణ్ణి. మనసు మాత్రం భుజం మీదే. చివరికి మా ఆవిడ, దాన్ని మోసుకుంటూ కొండెక్కేది మీరేనా, కూలిని పెడతారా అని అడిగింది. చిన్నదే కొన్నాం. తిరుగు రైల్లో ఆనందం పట్టలేక టైడా స్టేషను దాటిన దగ్గర్నుంచి తీస్తూనే ఉన్నాను. ఆ దారిలో సొరంగాలెక్కువ. చీకటిని అంత శ్రద్ధగా తీసినవాడు ఇంకొకడు ఉండడు.

పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటి మాస్టారూ, ఇన్ని డబ్బులెట్టి సబ్బుపెట్టి కొన్నావేటి? నానిందులో ఎలా పడతాను?"

పండుగనాడు డప్పులకంటే నా గుండే ముందు మోగింది. ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసి బయలుదేరారు, ముందు పెద్దమ్మ. కెమెరా ఆన్ చేశాను. అయితే ఆ ఊళ్లో థింసాను ఊరికే చూస్తూ నిలబడడం మర్యాద కాదు. భుజం మీద బరువుంటే పనిలో ఉన్నాడని వదిలేసేవారేమో. అరచేతిలో ఉన్నది ఎవరి కంటా ఆనలేదు.

"సూత్తన్నావేటి మాస్టారూ, బేగి రా!" అంటూ పెద్దమ్మే వచ్చి లాగి, తన పక్కన కలిపేసుకుంది. కెమెరా ఆగలేదు, నేనూ ఆగలేదు.

మర్నాడు బడి టీవీకి తగిలించి చూస్తే, ఆవిడ నడుము వెనక నేలకేసి వేలాడిన కెమెరాకు దొరికినవి కాళ్లు. ఆసాంతం కాళ్లే. నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఊరు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతూ, కడియాలను బట్టి ఎవరి కాలు ఎవరిదో పోల్చుకోవడం మొదలెట్టింది.

"అదిగో నీ వంకర కాలు!"

"నీది తిన్నగా ఏడిసిందేటి?"

పెద్దమ్మ ఒక్కతే ముందుకు జరిగి, తన కాళ్లను రెప్పవేయకుండా చూసింది.

"కాలు బాగానే పడతంది కదా," అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "మరెందుకు మానీడం?"

ఆ తర్వాత ఇంకా మూడు పండుగలకు ఆవిడే ముందు నడిచింది. ముఖం కనిపించే వీడియో ఒక్కటీ మా దగ్గర లేదు; తీద్దామనుకున్న ప్రతిసారీ నన్ను లాగేసింది.

ఇప్పుడు అరకులో థింసా ఆడుతుంటే చుట్టూ ఫోన్లెత్తిన చేతులే. తప్పేం లేదు, ముఖాలన్నీ చక్కగా వస్తాయి. పోయినేడు మేమిద్దరం వెళ్లినప్పుడు నేను ఫోను జేబులో పెట్టేసి, చేతులు ఖాళీగా కనబడేలా ముందుకొచ్చి నిలబడ్డాను. చాలాసేపే నిలబడ్డాను. ఎవరూ లాగలేదు.